రాయని అరపేజీ, తెరిచిన దొడ్డిదారి

నమస్కారం. నేరుగా విషయానికి వస్తున్నాను. డేటాను కుదించే జెడ్‌లిబ్ అనే లైబ్రరీని విండోస్‌లో ఎలా కంపైల్ చేయాలో, అంటే మూల కోడ్ నుంచి వాడుకునే ఫైలుగా ఎలా మార్చుకోవాలో ఒక అరపేజీ రాయకపోవడం భద్రతా లోపం. అవును, భద్రతా లోపమే అంటున్నాను. "అంత తంటా ఎందుకు, తయారుగా ఉన్న డీఎల్ఎల్ దింపుకుంటే పోతుంది కదా" అనే సలహా (డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే లైబ్రరీ ఫైలు) మీరూ చాలాసార్లు వినే ఉంటారు. నా కోపమంతా ఆ సలహా మీదే.

జెడ్‌లిబ్‌తో వచ్చే రీడ్‌మీ, అంటే పరిచయ ఫైలు తెరవండి. యూనిక్స్ వాళ్లకు కాన్ఫిగర్, మేక్ అంటూ అడుగులు చెప్పారు. విండోస్‌కు వచ్చేసరికి ఒకే వాక్యం: విన్32 ఫోల్డర్‌లోనో, కాంట్రిబ్ కిందో ఉన్న మేక్‌ఫైల్ (కంపైల్ చేసే సూచనల ఫైలు) వాడుకోండి. ఆ వెంటనే వీఎంఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఒక వాక్యం. ఈ తరం పేరు కూడా వినని వీఎంఎస్‌కూ, ఇంటింటా ఉన్న విండోస్‌కూ చెరొక వాక్యం!

సరే, విన్32 అన్నారు కదా అని కొత్తవాడు ఆ ఫోల్డర్‌లోకే వెళ్లి, మేక్‌ఫైల్‌ను అమలు చేసే ఎన్‌మేక్ నడుపుతాడు. ఆగిపోతుంది. ఆ మేక్‌ఫైల్‌ను పై ఫోల్డర్‌లో ఉండి పిలవాలి మరి. మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే ఎన్‌మేక్ అసలు దొరకదు, విజువల్ స్టూడియో ఇచ్చే డెవలపర్ ప్రాంప్ట్ తెరవాలి. అక్కడ 32 బిట్‌ది తెరిచి, వచ్చిన లైబ్రరీని 64 బిట్ ప్రోగ్రామ్‌కు కలిపితే, ముక్కలను ప్రోగ్రామ్‌గా అతికించే లింకర్ ఎల్ఎన్‌కే 2019 అనే ఎర్రర్ చూపిస్తూ ఒక్కో ఫంక్షనూ దొరకలేదని చెబుతుంది.

నాకు ఒళ్లు మండేది పేర్ల దగ్గర. ఎన్‌మేక్‌తో చేస్తే జెడ్‌లిబ్ డాట్ లిబ్ అంటే స్టాటిక్ లైబ్రరీ, ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయేది. వెర్షన్ 1.3.1 కోడ్‌నే సీమేక్ అనే మరో పనిముట్టుతో చేస్తే అదే పేరున వచ్చేది డీఎల్ఎల్‌కు తోడుండే ఇంపోర్ట్ లైబ్రరీ, స్టాటిక్‌ది జెడ్‌లిబ్‌స్టాటిక్. ఒకే పేరు, రెండు వేర్వేరు వస్తువులు! ఈ ఒక్క ముక్క రీడ్‌మీలో ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవి?

జాన్‌లూ గైయీ, మార్క్ ఆడ్లర్ 1995 నుంచి ఈ లైబ్రరీని ఉచితంగా ఇస్తున్నారు. మీరు చూసే ప్రతి పీఎన్‌జీ బొమ్మ వెనుకా వాళ్లు అమలు చేసి పంచిన డిఫ్లేట్ అనే కుదింపు పద్ధతే ఉంది. వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ అరపేజీ రాయాల్సింది దీన్ని వాడుకుంటున్న మనమే.

ఇంతకీ అర్ధరాత్రి దాకా లింకర్‌తో పోరాడిన మనిషి చివరికి ఏం చేస్తాడు? ఎవరు పెట్టారో తెలియని సైటు నుంచి డీఎల్ఎల్ దింపుకుంటాడు. అదే దొడ్డిదారి. అందులో వైరస్ లేకపోయినా ముప్పు ఉంది. డేటాను కుదించేటప్పుడు మెమరీ చెడిపోయే ఒక లోపాన్ని జెడ్‌లిబ్ మూల కోడ్‌లో 2018లోనే సరిదిద్దారు. ఆ సవరణతో అధికారిక విడుదల 1.2.12 వచ్చింది ఎప్పుడో తెలుసా? 2022 మార్చిలో! తాజా కోడ్ తెచ్చుకుని సొంతంగా కంపైల్ చేసుకోగలిగినవాడికి ఆ నాలుగేళ్లూ మందు చేతిలోనే ఉంది. డీఎల్ఎల్ దింపుకున్నవాడికి లేదు.

"మూల కోడ్ మాత్రం సురక్షితమా, 2024లో ఎక్స్‌జెడ్‌లో ఏం జరిగింది?" అంటారు. ఎక్స్‌జెడ్ కూడా డేటాను కుదించే సాఫ్ట్‌వేరే, అందులో ఎవరో దొడ్డిదారి దాచిపెట్టారు. గుర్తు చేసినందుకు సంతోషం. ఆ కుట్రను నడిపించిన స్క్రిప్టు, అందరూ చూసే మూల కోడ్ రిపాజిటరీలో లేదు. విడుదల ప్యాకేజీలో, బిల్డ్ (కంపైల్ చేసే) మెట్ల మధ్య దాక్కుంది. బిల్డ్ ఎలా జరుగుతుందో ఎవరూ చదవని చోటే దొంగ దూరాడు. నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది దీని గురించే.

లినక్స్‌లో చాలావరకు సిస్టమ్ లైబ్రరీని ఒకసారి అప్‌డేట్ చేస్తే, దాన్ని పంచుకునే ప్రోగ్రాములన్నిటికీ ఆ మేలు అందుతుంది. విండోస్‌లో ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లో తన జెడ్‌లిబ్ పెట్టుకుంటుంది, విండోస్ అప్‌డేట్ దాని జోలికి రాదు. కాబట్టి ఈ వీడియో ఆపి, మీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో జెడ్‌లిబ్1 అని వెతకండి. కనిపించిన ప్రతి ఫైలుపై కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూడండి. 1.2.12 కన్నా పాతది ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టి నాకు చెప్పండి.