స్పీకర్ కంపెనీ ఎవరిది? పట్టా ఒకరిది, సాగు ఒకరిది, బస్తా మీది పేరు ఇంకొకరిది

నమస్కారం.

కోఠి గుజరాతీ గల్లీలోనైనా, బంజారాహిల్స్ షోరూముల్లోనైనా, ఇంటికి మంచి స్పీకర్లు కొనడానికి వచ్చినవారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది ఎవరి కంపెనీ అండీ?" దీనికి వచ్చే జవాబులు కూడా ఏళ్ల తరబడి మారలేదు. "బోస్ మన ఇండియావాళ్లదే", "జేబీఎల్ పక్కా అమెరికన్", "కేఈఎఫ్ ఇంగ్లండ్‌ది", "ఫిలిప్స్ హాలండ్‌ది." ప్రతి జవాబులోనూ కొంత నిజముంది, కొనేవారికి నిజంగా అవసరమైన భాగం మాత్రం ఒక్కదానిలోనూ లేదు. యాభై వేలో, లక్షో పెట్టి, పదేళ్లు ఇంట్లో ఉంచుకుందామని కొనే వస్తువు విషయంలో ఇంత అరకొర సమాచారంతో సరిపెట్టుకోవడం నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది. అందుకే ఈ వీడియో. వూఫర్, ట్వీటర్, వాట్లు, ఓమ్‌లు మీకు తెలిసినవే కనుక వాటిని వదిలి, నేరుగా యాజమాన్యం దగ్గరకు వెళ్తాను.

(తెరపై: వరి పొలం, రైస్ మిల్లు, బియ్యం బస్తా బొమ్మలు వరుసగా.)

నల్లగొండ జిల్లాలో ఒక పొలం ఉందనుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు హైదరాబాద్‌లో స్థిరపడిన ఒకాయనది. ఏ విత్తనం వేయాలో, ఎప్పుడు నాటాలో నిర్ణయించేది ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతు. వడ్లు ఆడించేది మిర్యాలగూడలో వేరొకరి మిల్లులో. చివరికి బస్తా మీద అచ్చయ్యే పేరు ఈ ముగ్గురిలో ఎవరిదీ కాకపోవచ్చు. ఇప్పుడు ఆ బస్తాను చూపించి "ఈ బియ్యం ఎవరివి?" అని అడిగితే, ఒక్క పేరుతో జవాబు చెప్పడం సాధ్యం కాదు. స్పీకర్ కంపెనీల విషయమూ సరిగ్గా ఇదే. వాటాలు పట్టా వంటివి, బోర్డు, సీఈఓలు చేసేది సాగు, ఫ్యాక్టరీ మిల్లు వంటిది, బ్రాండు బస్తా మీది పేరు. ఈ నాలుగింటినీ విడివిడిగా అడగడం నేర్చుకుంటే గందరగోళం చాలావరకు పోతుంది.

మొదట బోస్. అమర్ గోపాల్ బోస్ 1929లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. ఆయన తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిష్ పాలనను ఎదిరించి, దేశం విడిచి వెళ్లిన బెంగాలీ. అమర్ బోస్ మసాచుసెట్స్‌లోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే దశాబ్దాలపాటు పాఠాలు చెబుతూ, 1964లో ఈ కంపెనీని స్థాపించారు. కాబట్టి వ్యవస్థాపకుడి మూలాలు మన దేశానివే అయినా, కంపెనీ మాత్రం మొదటి రోజు నుంచీ అమెరికాదే. అయితే అసలు ఆసక్తికరమైన విషయం 2011లో జరిగింది. కంపెనీ వాటాల్లో అధిక భాగాన్ని ఆయన ఎంఐటీకి విరాళంగా ఇచ్చేశారు. అప్పటి నుంచి "బోస్ కంపెనీని ఎంఐటీ నడుపుతోంది" అని చెప్పేవారు బయలుదేరారు. అది పొరపాటు. ఆ వాటాలకు ఓటు హక్కు లేదు. ఏటా లాభాల్లోంచి వచ్చే భాగాన్ని, అంటే డివిడెండును, విశ్వవిద్యాలయం తన బోధనకూ పరిశోధనకూ వాడుకుంటుంది. వాటాలను అమ్మడానికి వీల్లేదు, నిర్వహణలో జోక్యం చేసుకోవడానికీ వీల్లేదు.

మన పొలం లెక్కలో ఇది దేవుడి మాన్యం. భూమి దేవుడి పేరున ఉంటుంది, పంటలో భాగం గుడికి చేరుతుంది, కానీ ఈసారి సన్నాలు వేయాలా, దొడ్డు వడ్లు వేయాలా అని నిర్ణయించేది గుడి కాదు; ఆ భూమిని తెగనమ్మడమూ అంత సులభం కాదు. నా దృష్టిలో అమర్ బోస్ తీసుకున్న ఈ నిర్ణయం ఆయన రూపొందించిన ఏ స్పీకరుకూ తీసిపోదు. స్టాక్ మార్కెట్లోకి వెళ్లని కంపెనీ కావడం వల్ల మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన ఒత్తిడి లేకుండా ఏళ్ల తరబడి పరిశోధన చేయవచ్చునన్నది ఆయన నమ్మకం. 2013లో ఆయన మరణించారు, ఆ ఏర్పాటు నిలిచింది. అదే బోస్ 2024 నవంబరులో మెకింటోష్, సోనస్ ఫాబెర్ అనే ఖరీదైన ఆడియో బ్రాండ్లు ఉన్న మెకింటోష్ గ్రూపును కొనుక్కుంది. అంటే ఇటలీ పేరుతో ఉన్న సోనస్ ఫాబెర్ స్పీకరును మీరు ఈ రోజు కొంటే, దాని పట్టా బోస్ దగ్గర ఉందన్నమాట.

ఇప్పుడు బవర్స్ అండ్ విల్కిన్స్. ఈ ఒక్క కథ అర్థమైతే మిగిలినవన్నీ దానంతటవే అర్థమవుతాయి కనుక దీని దగ్గర కొంచెంసేపు ఆగుతాను.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వర్దింగ్ అనే ఊరుంది. అక్కడ ఒక రేడియో దుకాణం నడుపుతున్న జాన్ బవర్స్, తన కస్టమర్లలో ఒక వృద్ధురాలు మరణించాక ఆయనకు వదిలివెళ్లిన డబ్బుతో 1966లో ఈ స్పీకర్ల కంపెనీ మొదలుపెట్టారు. 1987లో ఆయన మరణించిన తర్వాత కూడా కంపెనీ స్థిరంగానే సాగింది. లండన్‌లోని యాబీ రోడ్ స్టూడియోలో రికార్డింగును వినడానికి వాడేది ఈ కంపెనీ స్పీకర్లనే. ఆ తర్వాత, 2016లో, అమెరికాలోని సిలికాన్ వ్యాలీలో ఉన్న ఈవా ఆటోమేషన్ అనే చిన్న స్టార్టప్, మార్కెట్లోకి తన సొంత వస్తువేదీ తేకముందే, యాభై ఏళ్ల వయసున్న ఈ కంపెనీని కొనేసింది. ఆ స్టార్టప్ యజమాని గిడియన్ యూ గతంలో ఫేస్‌బుక్‌లో ప్రధాన ఆర్థికాధికారిగా పనిచేసిన వ్యక్తి. నాలుగేళ్లకు, 2020లో, బవర్స్ అండ్ విల్కిన్స్ సౌండ్ యునైటెడ్ అనే ఆడియో సంస్థ చేతికి వెళ్లింది. డెనాన్, మరాంట్జ్, పోల్క్ ఆడియో బ్రాండ్లు కూడా అప్పటికే ఆ సంస్థవే.

2022లో ఆ సౌండ్ యునైటెడ్ మొత్తాన్నీ మాసిమో అనే కంపెనీ దాదాపు 100 కోట్ల డాలర్లకు కొన్నది. మాసిమో చేసేది స్పీకర్లు కాదు. కరోనా రోజుల్లో మనం వేలికి పెట్టుకుని ఆక్సిజన్ శాతం చూసుకున్నామే, ఆ పల్స్ ఆక్సీమీటర్ల సాంకేతికతలో ఆసుపత్రులకు బాగా తెలిసిన సంస్థ అది. ఇళ్లలోకి ఆరోగ్య పరికరాలను చేర్చడానికి ఆడియో బ్రాండ్ల దుకాణాలు, పంపిణీ మార్గాలు ఉపయోగపడతాయని దాని వ్యవస్థాపకుడు జో కియానీ భావించారు. వాటాదారులు అలా భావించలేదు. ఈ కొనుగోలు ప్రకటించిన మరుసటి రోజే షేరు ధర మూడో వంతుకు పైగా పడిపోయింది. ఆ తర్వాత పొలిటన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ వాటాలు కొని, బోర్డు ఎన్నికల్లో పోటీకి దిగి, 2023లోనూ 2024లోనూ తన అభ్యర్థులను గెలిపించుకుంది. 1989లో తాను స్థాపించిన కంపెనీ నుంచి కియానీ 2024 సెప్టెంబరులో వైదొలగవలసి వచ్చింది. కొత్త బోర్డు ఆడియో వ్యాపారాన్ని 2025లో జేబీఎల్ యజమాని హార్మన్‌కు 35 కోట్ల డాలర్లకు అమ్మింది. 100 కోట్లకు కొన్నది మూడేళ్లలో 35 కోట్లకు వెళ్లిపోయింది.

(తెరపై: 2016, 2020, 2022, 2025. ఒకే పొలం, నాలుగు పట్టాలు.)

పదేళ్లు తిరగకముందే పట్టా నాలుగుసార్లు మారింది. ఈ కాలమంతా వర్దింగ్ ఫ్యాక్టరీలో 800 శ్రేణి స్పీకర్ల తయారీ సాగుతూనే ఉంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో కాగితాలు మారినంత మాత్రాన పొలంలో నాట్లు వేసేవారు ఆగిపోరు కదా. అందుకే "కంపెనీ అమ్ముడుపోయింది, ఇక ఆ శబ్దం ఉండదు" అని వెంటనే తీర్పు చెప్పేవారితో నేను ఏకీభవించను. అలాగని పట్టా మారితే ఏమీ కాదని కూడా అనలేను. కొత్త యజమాని పొలాన్ని ఏ దృష్టితో కొన్నాడన్నది చాలా ముఖ్యం: సాగు కోసమా, రేపు ఎక్కువ ధరకు అమ్మడానికా, లేక ఆ పక్కనే ఉన్న తన భూమికి దారి కోసమా? మాసిమో కొన్నది దారి కోసం. ఆ దారి పనికిరాదని బోర్డు మారగానే తేలింది, పొలాన్ని వచ్చిన ధరకు వదిలించుకున్నారు.

హార్మన్ పేరు వచ్చింది కనుక జేబీఎల్ సంగతి. జేమ్స్ బి. లాన్సింగ్ 1946లో దీన్ని స్థాపించి, 1949లోనే మరణించారు. అంటే ఆయన ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలతో ఎనభై ఏళ్లుగా వస్తున్న స్పీకర్లలో, ఆయన స్వయంగా చూసినవి మూడేళ్లవి మాత్రమే. 1969లో కంపెనీ సిడ్నీ హార్మన్ చేతికి వచ్చింది. 1977లో ఆయన అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వంలో పదవి తీసుకుంటూ, తన సంస్థను బియాట్రిస్ ఫుడ్స్ అనే ఆహార పదార్థాల కంపెనీకి అమ్మి, పదవి ముగిశాక 1980లో అందులో ఎక్కువ భాగాన్ని తిరిగి కొనుక్కున్నారు. 2017 మార్చిలో శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ హార్మన్‌ను సుమారు 800 కోట్ల డాలర్లకు కొన్నది. ఇక్కడ చాలామంది గమనించని విషయం, అప్పటి హార్మన్ అమ్మకాల్లో సుమారు 65 శాతం కార్లకు సంబంధించినవి. శామ్‌సంగ్ చూపు ప్రధానంగా కార్లలోని ఎలక్ట్రానిక్స్ మీద ఉంది. మన హాల్లోని సౌండ్‌బార్ దానితోపాటు వచ్చింది. కొన్న తర్వాత హార్మన్‌ను ప్రత్యేక అనుబంధ సంస్థగానే ఉంచారు. 2007 నుంచి దాన్ని నడుపుతున్న, మన దేశంలో పుట్టిన దినేశ్ పాలీవాల్‌నే 2020 వరకు సీఈఓగా కొనసాగించారు. పట్టా కొరియాకు వెళ్లింది, సాగుదారుడు మారలేదు.

మరి శామ్‌సంగ్ ఎవరిది? శామ్‌సంగ్ వ్యవస్థాపకుడి మనవడు లీ జే యాంగ్ 2022 అక్టోబరులో ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ అయ్యారు, కానీ శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్‌లో ఆయన సొంత పేరున ఉన్న వాటా రెండు శాతంలోపే. శామ్‌సంగ్ సీ అండ్ టీ, శామ్‌సంగ్ లైఫ్ వంటి సోదర సంస్థలు ఒకదానిలో ఒకటి ఉంచుకున్న వాటాల గొలుసు ద్వారానే ఆ కుటుంబానికి పట్టు వస్తుంది. ఈ గొలుసు ఒక్కటే ఒక పూర్తి వీడియోకు సరిపోతుంది, ఇప్పుడు అందులోకి దిగను.

సమయం తగ్గుతోంది, మిగిలినవి వేగంగా చెబుతాను.

కేఈఎఫ్: బీబీసీలో పనిచేసిన ఇంజనీర్ రేమండ్ కుక్ 1961లో ఇంగ్లండ్‌లోని మెయిడ్‌స్టోన్‌లో స్థాపించారు. 1992 నుంచి యజమాని హాంకాంగ్‌కు చెందిన గోల్డ్ పీక్, అంటే మన గడియారాల్లో వేసే జీపీ బ్యాటరీల సంస్థ. డిజైన్ పని ఇప్పటికీ మెయిడ్‌స్టోన్‌లో జరుగుతోంది. వార్ఫ్‌డేల్, మిషన్, క్వాడ్ అనే మూడు పాత బ్రిటిష్ పేర్లూ ఇప్పుడు చైనాలోని ఐఏజీ అనే ఒకే గ్రూపువి. అమెరికన్ స్పీకర్ బ్రాండు క్లిప్ష్ 2011లో వాక్స్ గ్రూపుకు, ఆ గ్రూపుతోపాటు 2025లో కార్లలో వెనక వచ్చే బండ్లను చూసుకునే అద్దాలు తయారుచేసే జెంటెక్స్‌కు చేరింది. వైఫై స్పీకర్లు చేసే సోనోస్ 2018 నుంచి అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో ఉంది. 2024లో కొత్త యాప్ విఫలమయ్యాక 2025 జనవరిలో సీఈఓ మారారు.

ఫిలిప్స్ మాత్రం పూర్తిగా వేరు రకం. అక్కడ బస్తా మీది పేరు చేతులు మారలేదు, ఆ పేరు వేసుకునే హక్కును మాత్రమే కౌలుకు ఇచ్చారు. ఫిలిప్స్ సంస్థ వైద్య పరికరాల వైపు వెళ్లిపోయి, 2014లో ఆడియో వ్యాపారాన్ని గిటార్ల కంపెనీ గిబ్సన్‌కు అమ్మింది, పేరును మాత్రం లైసెన్సు మీదే ఇచ్చింది. 2018లో గిబ్సన్ దివాలా రక్షణ కోరింది, పేరు వాడుకునే లైసెన్సు టీపీవీ అనే మానిటర్ల తయారీ సంస్థకు వెళ్లింది. కాబట్టి "హాలండ్ కంపెనీ" అన్న నమ్మకంతో కొనేవారు, నిజానికి కౌలుదారుతో లావాదేవీ చేస్తున్నారు. అది తప్పేమీ కాదు, తెలిసి చేయాలి, అంతే.

మన దగ్గర చూస్తే, ఆడియో వస్తువుల బ్రాండు మీవీ 2015లో మన హైదరాబాద్‌లోనే మిధుల దేవభక్తుని, విశ్వనాథ్ కందుల స్థాపించిన సంస్థ. ఇలాంటిదే మరో బ్రాండు బోట్ అనే పేరు వెనక ఉన్న కంపెనీ ఇమాజిన్ మార్కెటింగ్. టీవీలో కనిపించే అమన్ గుప్తాతోపాటు సమీర్ మెహతా కూడా వ్యవస్థాపకులే, 2021లో వార్‌బర్గ్ పింకస్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ 10 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టింది.

చివరగా, మీరే తెలుసుకునే పద్ధతి. పెట్టె మీద బ్రాండు పేరును వదిలి, చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి వస్తువైతే ఏ దేశంలో తయారైందో అక్కడ ఉండాలి. తయారైన దేశం మిల్లు ఎక్కడుందో చెబుతుంది, పట్టా ఎవరిదో చెప్పదు. బ్లూటూత్ స్పీకర్ల వంటి వాటి మీద భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే నమోదు సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యతో తయారీదారు వివరాలు చూడవచ్చు. ఇక ఆ కంపెనీ పేరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటాలో వెతకండి. ఎప్పుడు నమోదైంది, ఏ రాష్ట్రంలో, డైరెక్టర్లు ఎవరు అన్నది ఉచితంగానే కనిపిస్తుంది. 21 అక్షరాల గుర్తింపు సంఖ్య ఎల్‌తో మొదలైతే స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ, యూతో మొదలైతే కానిది. మధ్యలో ఎఫ్‌టీసీ అని ఉంటే విదేశీ కంపెనీకి అనుబంధ సంస్థ. వాటాదారుల వివరాలు కావాలంటే నిర్ణీత రుసుము కట్టి వార్షిక రిటర్నును చూడవచ్చు.

దిగుమతిదారు పేరు దొరికాక, దుకాణదారును రెండు విషయాలు అడగండి: వారంటీ ఇచ్చేది ఈ దిగుమతిదారేనా, మూడేళ్ల తర్వాత వూఫర్ కాలిపోతే విడి డ్రైవర్, అంటే స్పీకరు పెట్టెలో శబ్దం పుట్టించే భాగం, వీరి దగ్గర దొరుకుతుందా? వైఫై స్పీకరైతే మూడోది కూడా అడగండి, యాప్‌కు అప్‌డేట్లు ఇచ్చేది ఎవరు అని. ఆ జవాబులను బిల్లు మీద రాయించుకుని, దుకాణం ముద్ర వేయించుకోండి.