ఫ్లెక్సీ మీద ‘మహిళా’

[దృశ్యం: అమలాపురంలో ఫ్లెక్సీ దుకాణం. యంత్రంలోంచి బ్యానర్ మెల్లగా బయటికి వస్తోంది.]

నిరుడు మిత్రులం కొందరం కలిసి పిల్లల కోసం సైన్సు సభ పెట్టాం. వక్తలు ఇద్దరు. ఇద్దరి పనీ వరి మీదే. ఆయన పేరు కింద ‘శాస్త్రవేత్త’ అనీ, ఆమె పేరు కింద ‘మహిళా శాస్త్రవేత్త’ అనీ అచ్చయింది. పక్కనే ఆమె ఫొటో, అంత పెద్దది. అయినా చెప్పాలనిపించింది దుకాణంలో అబ్బాయికి. అతన్ని అనేదేముంది, ప్రూఫు చూసి సరేనన్నది నేనే.

సభలో పిల్లలు ఆయనను దోమపోటు గురించి అడిగారు, కొత్త వంగడానికి ఎన్నేళ్లు పడుతుందని అడిగారు. ఆమెకు వచ్చిన మొదటి ప్రశ్న: “ఇల్లూ ఉద్యోగమూ ఎలా చూసుకుంటారండీ?” ఇల్లు ఆయనకూ ఉంది మరి.

[దృశ్యం: నల్లబల్ల మీద మూడు మాటలు: శాస్త్రజ్ఞుడు, శాస్త్రజ్ఞురాలు, శాస్త్రవేత్త.]

‘శాస్త్రజ్ఞుడు’ అంటే మగవాడే. ‘శాస్త్రవేత్త’కు ఆ ఇబ్బంది లేదు. ‘శాస్త్రవేత్త చెప్పారు’ అంటే ఆడో మగో తెలియదు. ఇంత మంచి మాట చేతిలో ఉండగా దానికి ముందు ‘మహిళా’ తగిలిస్తున్నాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును ‘పురుష శాస్త్రవేత్త’ అని ఎవరైనా రాయగా చూశారా?

ఇంగ్లీషువాళ్లకూ ఈ గొడవ ఉంది. ‘సైంటిస్ట్’ అనే మాటను ఇంగ్లీషు పండితుడు విలియం హ్యూయెల్ 1834లో అచ్చులోకి తెచ్చింది మేరీ సోమర్‌విల్ అనే ఆవిడ రాసిన సైన్సు పుస్తకం మీద సమీక్షలో. అంతవరకూ అక్కడ చలామణిలో ఉన్న ‘మ్యాన్ ఆఫ్ సైన్స్’ అనే పేరులో ‘పురుషుడు’ ఉండేవాడు.

[దృశ్యం: మునిగిన వరి చేను. నీళ్లపైన ఆకు కొసలు మాత్రమే.]

మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన వరి వంగడం స్వర్ణ, అదే ఎంటీయూ 7029, డెల్టాలో అందరికీ తెలుసు. ఎక్కువ రోజులు మునిగితే మాత్రం చేను దక్కదు. ఒడిశా నాటు వరిలోని, ముంపును తట్టుకునే సబ్1 జన్యువును దానిలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్1 విడుదల చేశారు. మామూలు మొక్క నీళ్లలో గాలి కోసం పైకి సాగి సాగి, దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు చేసుకుంటుంది. ఇది ఎదుగుదల ఆపేసి, ఊపిరి బిగబట్టినట్టు రెండు వారాల దాకా ఉండి, నీళ్లు తీశాక లేస్తుంది. ఈ జన్యువు గుట్టు విప్పినవారిలో పమేలా రొనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్, డేవిడ్ మాకిల్ ఉన్నారు. విత్తనాల బస్తా మీద వాళ్లెవరి పేరూ ఉండదు. మునిగిన చేను గట్టున నిలబడ్డ రైతుకు కావలసింది మొక్క లేచిందా లేదా అన్నదే.

అలాగని ‘మహిళా’ అనే మాటనే కొట్టిపారేయలేం. 1933లో, తర్వాత జీవరసాయన శాస్త్రవేత్త అయిన కమలా సోహనీ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరబోతే, ఆడపిల్ల అని సి.వి. రామన్ మొదట కాదన్నారు. తలుపు మూయడానికి పనికొచ్చిన మాట తెరవడానికి పనికిరాదా? సంసారం కోసం పరిశోధన ఆపి, మళ్లీ రావాలనుకునేవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మహిళా శాస్త్రవేత్తల పథకం పెట్టింది. అక్కడ ఆ మాట తీసేస్తే పథకమే లేదు. కనుక దరఖాస్తులో ఉండనివ్వండి, లెక్కల్లో ఉండనివ్వండి. మనిషి పేరుకు అంటించడంతోనే నా పేచీ.

సభ ముగిశాక ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది. “బ్యానర్ మీద మహిళా అని చూశాకే మా నాన్నగారు పంపించారండీ.” ఏం చెప్పాలో నాకు తోచలేదు.

[దృశ్యం: మళ్లీ అదే దుకాణం.]

ఈ ఏడు ఆమె పేరు కింద ఉత్త ‘శాస్త్రవేత్త’ అని పెట్టించి, అడుగున ‘అమ్మాయిలకు ప్రత్యేక ఆహ్వానం’ అని రాయించాను. అబ్బాయి మౌస్ మీద చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

“మరి అబ్బాయిలు రాకూడదా అండీ?”