రూఫ్ ర్యాక్ కొంటున్నారా? బరువు లెక్క, బిగింపు, మైలేజ్ అన్నీ చూసి కొనండి

నమస్తే అండీ. ఈ వీడియోలో కారు రూఫ్ ర్యాక్‌ల గురించి వివరంగా మాట్లాడుకుందాం. మనలో చాలామంది క్యారియర్ అనే అంటాం. నా ముందు టేబుల్ మీద చదరపు స్టీల్ బార్ల జత ఒకటి, విమానం రెక్క ఆకారంలో పలచగా ఉండే అల్యూమినియం బార్ల జత ఒకటి ఉన్నాయి. కింద ఒక ఓపెన్ బాస్కెట్, దాని పక్కన మూత ఉన్న రూఫ్ బాక్స్. కంపెనీల పేర్లు చెప్పను. ఎవరు తయారు చేసినా ఈ నాలుగింటి మంచీ చెడూ చాలావరకు వాటి ఆకారంలోనే ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొనాలనుకుంటే రెక్క ఆకారం అల్యూమినియం బార్లే కొనండి. సామాను తడవకూడదంటే వాటి మీద బాక్స్ పెట్టుకోండి. బాస్కెట్ అందరికీ అవసరం లేదు. ఏది కొన్నా, పని అయిపోగానే దించేయాలి. ఈ చివరి మాటే నాకు అన్నింటికంటే ముఖ్యం, ఎందుకో మైలేజ్ దగ్గర చెబుతాను.

ముందు బరువు సంగతి చూద్దాం. మీ కారు ఓనర్స్ మాన్యువల్ తీయండి. బరువులు, కొలతలు ఉన్న పేజీల్లోనో, సామాను గురించి చెప్పే చోటో రూఫ్ లోడ్ ఎంతో రాసి ఉంటుంది. మామూలు కార్లలో చాలావాటికి అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. మీ కారుకు 75 అని ఉందనుకోండి. ఆ 75 కిలోల సామాను పెట్టేయొచ్చు అనుకుంటారు చాలామంది. అలా కాదండీ, బార్ల బరువు, బాక్స్ బరువు కూడా అందులోకే వస్తాయి. బార్లు ఒక 5 కిలోలు, బాక్స్ ఒక 20 కిలోలు తీసేస్తే మీ సామానుకు మిగిలేది 50. రెండు పెద్ద సూట్‌కేసులు నింపి పెడితే దగ్గర దగ్గర అయిపోయినట్టే.

ఇంకో మెలిక కూడా ఉంది. బార్లకు వాటి పరిమితి వాటికి ఉంటుంది, బాక్స్‌కు దాని పరిమితి దానికి ఉంటుంది. కారుది, బార్లది, బాక్స్‌ది మూడూ చూసి, ఏ ఒక్కటీ దాటకుండా సర్దుకోవాలి. బార్ల ప్యాకెట్ మీద 100 కిలోలు అని రాసినంత మాత్రాన మీ కారు పైకప్పుకు కొత్తగా బలం రాదు కదా. పైన పెట్టింది కారు మొత్తం మోయగలిగే బరువులో కూడా భాగమే. లోపల అందరూ కూర్చుని, డిక్కీ నిండిపోయి ఉంటే, పైన పరిమితిలోనే పెట్టినా మొత్తం మీద కారు ఓవర్‌లోడ్ అయ్యే అవకాశం ఉంది.

మరి పైకప్పు మీద టెంట్ వేసుకుని ఇద్దరు ముగ్గురు పడుకుంటున్నారు కదా, వాళ్ల బరువే 150 కిలోలు దాటుతుంది కదా అని కొందరికి అనుమానం. ఆగి ఉన్న కారు సంగతి వేరు, అప్పుడు పైకప్పు చాలా ఎక్కువ మోస్తుంది. కదిలే కారు బ్రేక్ కొడుతుంది, మలుపు తిరుగుతుంది, గుంతలో దిగి లేస్తుంది. గుంతలో పడ్డ ఆ క్షణంలో పైనున్న బరువు తన అసలు బరువు కంటే చాలా గట్టిగా కిందికి గుద్దుతుంది. మాన్యువల్‌లో మామూలుగా రాసేది నడిచే కారు లెక్క. మట్టి రోడ్లు, రాళ్ల దారులు అయితే ఆ అంకె ఇంకా తగ్గించుకోవాలి. ఎంత తగ్గించాలో చాలా ర్యాక్ కంపెనీలు వాటి పుస్తకంలో ఇస్తాయి, చూడండి.

ఇప్పుడు బిగింపు. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నాను. బారు చివర ఈ రబ్బరు పాదం కనిపిస్తోంది కదా, ఇదే పైకప్పును ఆనుకుని కూర్చుంటుంది. దీని కింద చూడండి, సన్నగా ఇసుక అంటుకుని ఉంది. దీన్ని ఇలాగే బిగిస్తే కారు కదిలినప్పుడల్లా ఆ ఇసుక పెయింట్‌ను రాస్తూ ఉంటుంది, కొన్నాళ్లకు నాలుగు మూలలా మచ్చలు పడతాయి. అందుకే బిగించే ముందు ఈ రబ్బరునీ, పైకప్పు మీద అది కూర్చునే చోటునీ తడి గుడ్డతో తుడవాలి, ఆరనివ్వాలి. పైకప్పు అంచుల వెంట పొడవుగా ఉండే కడ్డీలు, అంటే రెయిల్స్, లేని కార్లకు ఈ కొక్కెం డోర్ ఫ్రేమ్‌ను పట్టుకుంటుంది. డోర్ తెరిచి, కొక్కెం సరైన చోట పడిందో లేదో, డోర్ రబ్బరు నలిగిందేమో చూసుకోండి. అది నలిగితే వానాకాలంలో నీళ్లు లోపలికి వస్తాయి.

ఈ కొక్కేలు, పాదాలు ఒక్కో కారు మోడల్‌కు ఒక్కో కొలతతో వస్తాయి. ఒకే ర్యాక్ అన్ని కార్లకూ సరిపోతుంది అని అమ్మేవాటిని నేను నమ్మను. మీ మోడల్ పేరు, తయారైన సంవత్సరం చూసి, దానికి తగిన ఫిట్టింగ్ కిట్ అడగండి. మంచి సెట్లలో టార్క్ కీ కూడా ఇస్తారు, సరిపడా బిగిసిందని అదే చెబుతుంది. అది లేకపోతే టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా, వాడండి. బలం కొద్దీ తిప్పేయడం కూడా ప్రమాదమే, పైకప్పు రేకు సొట్టపడుతుంది, మరలు దెబ్బతింటాయి. కొంత దూరం వెళ్లాక కారు పక్కకు ఆపి, నాలుగు పాదాలూ మళ్లీ ఒకసారి చూసుకోండి. కొత్తగా బిగించినవి మొదటి కొన్ని కిలోమీటర్లలో సర్దుకుని కొంచెం వదులవుతాయి. సన్‌రూఫ్ ఉన్నవాళ్లు, అది తెరిస్తే బారుకు తగులుతుందేమో ఇంటి దగ్గరే చూసుకోండి. డిక్కీ తలుపు కూడా అంతే, వెనక బాక్స్‌కు కొట్టుకోకూడదు.

సామాను కట్టడం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే కాబట్టి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగా తగిలే గాలి, అడ్డంగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా 45 కిలోలకు పైగా బరువుతో తోసినంత ఒత్తిడి పెడుతుంది. పరుపు, ప్లైవుడ్ షీట్ లాంటివి అందుకే ప్రమాదం. ముందు అంచు కొంచెం లేచిందంటే గాలి కిందికి దూరి మొత్తం పైకెత్తేస్తుంది. కిటికీలోంచి చెయ్యి పెట్టి పట్టుకుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. ఏ చెయ్యీ దాన్ని ఆపలేదండీ. దయచేసి అలాంటివి ట్రక్కులో పంపండి.

గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు సామాను ముందుకు దూకాలని చూస్తుంది. పొడి రోడ్డు మీద గట్టి బ్రేక్ అంటే, 50 కిలోల పెట్టె సుమారు 40 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. యాక్సిడెంట్ అయితే అది ఎన్నో రెట్లు. కాబట్టి స్ట్రాప్‌లు పైనుంచి అడ్డంగా వేస్తే సరిపోదు, ముందుకు జారకుండా కూడా ఒకటి వేయాలి. నిచ్చెన, పైపులు లాంటి పొడవైన వాటికి ముందు చివర, వెనక చివర విడిగా కట్టాలి. సాగే ఎలాస్టిక్ హుక్ తాళ్లను నమ్మకండి. అవి సాగుతాయి కాబట్టే బరువును ఆపలేవు, టార్పాలిన్ ఎగరకుండా పట్టుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

స్ట్రాప్ ఎలా బిగించాలో చూడండి. నాకు ఈ చిన్న నొక్కుడు బకిల్ ఉన్న స్ట్రాప్ చాలా ఇష్టం. కొసను బకిల్ కింది నుంచి ఇలా దూర్చి లాగుతున్నాను, పళ్లు పట్టుకున్నాయి, వదిలినా జారడం లేదు. సూట్‌కేసులకు ఇది చాలు. పిడిని ఆడిస్తూ బిగించే రాచెట్ స్ట్రాప్ ఇంకా గట్టిగా లాగుతుంది, కానీ పలచని పెట్టెలను, ఒక్కోసారి బారునే వంచేస్తుంది. బరువైన గట్టి వస్తువులకే వాడండి. ఇంకొకటి, స్ట్రాప్ ఎక్కడ గాల్లో సాగి ఉందో అక్కడ దాన్ని ఒకటి రెండు సార్లు మెలి తిప్పండి. తిప్పకపోతే గాలికి కంపించి కారంతా బుర్రుమని మోగుతుంది. మిగిలిన కొసను ముడేసి లోపలికి దోపేయండి. కట్టడం అయ్యాక సామానును పట్టుకుని గట్టిగా ఊపండి. సామానుతో పాటు కారు కూడా ఊగాలి. సామాను ఒక్కటే కదిలితే మళ్లీ కట్టండి.

బరువైనవి డిక్కీలో, తేలికైనవి పైన. పైన బరువు పెరిగితే కారు గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. మలుపుల్లో ఒరుగుతుంది, పక్క నుంచి గాలి కొడితే స్టీరింగ్ లాగినట్టు ఉంటుంది, బ్రేక్‌కు ఎక్కువ దూరం పడుతుంది. ముందు బండికి ఎప్పుడూ వదిలే దూరం కంటే ఎక్కువ వదలండి. టైర్లలో గాలి ఫుల్ లోడ్ లెక్కన పెట్టించండి, ఆ అంకె డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. కారు కొత్త ఎత్తు ఎంతో టేపుతో కొలిచి డ్యాష్‌బోర్డు మీద కాగితం అంటించండి. సెల్లార్ పార్కింగ్ ముందు అది ఎంతో పనికొస్తుంది.

ఇక మైలేజ్. గాలి నిరోధం వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన, పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పావు వంతే పెరిగింది, గాలి నిరోధం మాత్రం 56 శాతం పెరిగింది. దాని మీద పైన ఒక బాక్స్ అడ్డం పెడితే సంగతి ఊహించుకోండి. అమెరికా ప్రభుత్వం ప్రచురించే ఇంధన లెక్కల ప్రకారం, పెద్ద రూఫ్ బాక్స్ వల్ల మైలేజ్ సిటీలో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో అయితే 10 నుంచి 25 శాతం తగ్గుతుంది. అదే సామాను కారు వెనక బిగించే ర్యాక్ మీద పెడితే హైవే మీద నష్టం 1 నుంచి 5 శాతమే. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, సామాను పైన పెట్టే ముందు డిక్కీలో ఇంకోసారి సర్ది చూడాలనిపిస్తుంది.

ఖాళీ బార్లు కూడా ఊరికే ఉండవు. సామాను లేకపోయినా గాలిని కోస్తూనే ఉంటాయి. చదరపు స్టీల్ బార్లు చవక, గట్టివి, వాటికి వంక పెట్టను. కానీ గాలి వాటి అంచు దగ్గర సుడులు తిరిగి హోరుమంటుంది, ఇంధనమూ తింటుంది. రెక్క ఆకారం బార్ల మీంచి గాలి జారిపోతుంది కాబట్టి శబ్దం తక్కువ. వాటి పైగాడిలో ఈ రబ్బరు పట్టీ ఉంటుంది, పీకి పారేయకండి, అది లేకపోతే ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. బాస్కెట్ అయితే ఖాళీగా ఉన్నా బోలెడు కడ్డీలు గాలికి అడ్డం. అందం కోసం ఏడాది పొడవునా పైన ఉంచుకునేవాళ్లు ప్రతి ట్యాంకులోనూ దానికి కొంత ఇంధనం కడుతున్నట్టే. తడి సామాను, బురద సామాను తరచూ మోసేవాళ్లకైతే బాస్కెట్ మంచిదే.

డ్రైవింగ్‌లో పొదుపుకు పెద్ద విద్యలేం అక్కర్లేదు. పైన సామాను ఉన్న రోజు 100 బదులు 80, 85లో వెళ్లండి, అన్నింటికంటే ఎక్కువ మిగిలేది అక్కడే. దూరంగా ఎర్ర లైటు కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి గేర్‌లోనే ఉంచండి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో అప్పుడు ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఐడ్లింగ్‌కు కొంత కాలుతూనే ఉంటుంది, పైగా దిగుడు దారిలో ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది. పైన బరువు ఉన్నప్పుడు అది చాలా ప్రమాదం. ఇంజిన్ గింజుకోనంత వరకు పై గేర్‌లో నడపండి. ఎలక్ట్రిక్ కారు వాళ్లకూ ఇదే వర్తిస్తుంది, రేంజ్ తగ్గుతుంది కాబట్టి ఛార్జింగ్ స్టాప్‌లు ముందే దగ్గర దగ్గరగా ప్లాన్ చేసుకోండి.

చివరగా దించడం. బార్లు తీసే ముందు అవి ఉన్న చోటు తెలిసేలా డోర్ ఫ్రేమ్ లోపలి వైపు చిన్న టేపు ముక్కలు అంటించండి, మళ్లీ పెట్టేటప్పుడు కొలవక్కర్లేదు. బోల్టులు ఒక సంచిలో వేసి దాన్ని బారుకే కట్టేయండి. పైకప్పులో బిగించే రంధ్రాలు ఉన్న కార్లయితే వాటి మూతలు వెంటనే పెట్టేయాలి, లేకపోతే దుమ్ము, నీళ్లు చేరి మరలు తుప్పు పడతాయి. టార్క్ కీ మాత్రం గ్లవ్ బాక్స్‌లోనే ఉంచండి.