ఫార్మాట్ కొట్టే ముందు

అందరికీ నమస్కారం. మీలో మిర్చి యార్డు లెక్కలు చూసేవాళ్లు, బ్రాడీపేట డీటీపీ సెంటర్ల వాళ్లే ఎక్కువ కనబడుతున్నారు. కాబట్టి సూటిగా మాట్లాడుకుందాం.

సిస్టమ్ లేవకపోతే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "ఫార్మాట్ కొట్టించెయ్", అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ వేయించెయ్ అని. తొందరపడకండి. స్క్రీన్ మీద కంపెనీ లోగో కూడా రావడం లేదంటే విండోస్ తప్పేమీ లేదు. ర్యామ్ అనే మెమరీ పట్టీని తీసి, దాని బంగారు రంగు కాళ్లను రబ్బరుతో తుడిచి మళ్లీ పెడితే లేచిన సిస్టమ్‌లు బోలెడు. విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్ బయోస్. అందులో హార్డ్ డిస్క్ పేరే కనబడకపోతే వైరో, డిస్కో పోయినట్టు. దాని మీద ఓఎస్, అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా వేస్తారు?

లోగో వచ్చి చుక్కలు తిరుగుతూ ఆగిపోతే అప్పుడు విండోస్‌ని అనుమానించండి. అయినా ముందు డేటా తీయాలి. షాపులో "డేటా ఏమైనా కావాలా అండీ?" అని అడుగుతారు. "ఏం లేదులే, అంతా డీ డ్రైవ్‌లోనే ఉంది" అంటాం. డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే! పైగా చాలా సిస్టమ్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్‌లో భాగాలు. ఆ భాగాలను, అంటే పార్టిషన్లను చెరిపేటప్పుడు ఒక్క క్లిక్ తప్పితే రెండూ పోతాయి. హార్డ్ డిస్క్ బదులు చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ అయితే రికవరీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఓఎస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్‌ని బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్ బిట్‌లాకర్ ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది, కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ఆ అకౌంట్ షాపు కుర్రాడి మెయిల్‌తో తెరిపించి ఉంటే ఇవాళే మార్చుకోండి.

ఇక ఓఎస్ వేయడం అసలు పెద్ద పనే కాదు. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని దాటేయండి. ఇంతకుముందు యాక్టివేట్ అయిన సిస్టమ్‌లో అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 11కేమో సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. పాత సిస్టమ్‌కి లినక్స్ బాగుంటుంది గానీ, విండోస్ మీద నడిచే ట్యాలీ లెక్కలు, అను తెలుగు ఫాంట్లతో బతికేవాళ్లకు నేను ఆ సలహా ఇవ్వను.

ఇప్పుడు విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారుచేసి చూపిస్తాను. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరైనా ఉందా? పెళ్లి ఫొటోలున్నది మాత్రం ఇవ్వకండి, తయారీలో అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.