నీరు ఇగిరిన చోటే రుచి: ఇంట్లో షెపర్డ్స్ పై వండుకునే విధానం

సభకు నమస్కారం.

ఆంధ్ర, తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు బయటి తిండి రుచులు మరిగి, ఇంటికి వచ్చి అవే అడుగుతున్న ఈ రోజుల్లో, ఒక ఇంగ్లీషు ఇంటి వంటను మన పొయ్యి మీద సక్రమంగా ఎలా వండుకోవచ్చో చెప్పాలని ఈ అంశం ఎంచుకున్నాను. అడుగున చిక్కగా ఉడికిన గొర్రె ఖీమా, దాని మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంప, ఓవెన్‌లో పైభాగం ఎర్రగా కాలేవరకు ఉంచి, వేడివేడిగా గరిటెతో వడ్డించుకునే వంటకం షెపర్డ్స్ పై. గొర్రె మాంసానికి బదులు గొడ్డు మాంసం వాడితే దాన్ని కాటేజ్ పై అంటారు. జూలై, ఆగస్టు నెలల్లో సాయంత్రం ముసురు పట్టి, ఈ ఊరి గాలి చల్లబడినప్పుడు, కడుపుకూ మనసుకూ ఇంత హాయినిచ్చే వంటలు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. కాటేజ్ పై అన్న పేరు 1791 నాటికే వాడుకలో ఉంది. షెపర్డ్స్ పై అన్న పేరు 1854 ప్రాంతంలో కనిపిస్తుంది. మాంసాన్ని బట్టి ఈ రెండు పేర్లనూ వేరు చేయడం తరువాత స్థిరపడిన పద్ధతి. ఆదివారం కాల్చిన పెద్ద మాంసపు ముక్కలో మిగిలినదాన్ని సన్నగా తరిగి, సోమవారం దుంపతో కప్పి మళ్ళీ కాల్చుకోవడం పాత ఇంగ్లీషు ఇళ్ల అలవాటు. ఫ్రెంచి వారికి ఇదే తరహా వంటకం ఉంది, దాని పేరు అషీ పార్మాంతియే. ఏడేళ్ల యుద్ధ కాలంలో ప్రష్యాలో ఖైదీగా ఉండి, అక్కడ బంగాళాదుంప తిని బతికిన ఆంత్వాన్ పార్మాంతియే అనే ఔషధ శాస్త్రజ్ఞుడు, స్వదేశానికి తిరిగివచ్చి, అప్పటిదాకా పశువుల మేతగా చూసిన ఆ దుంప మనుషుల ఆహారానికి పనికివస్తుందని తన దేశాన్ని ఒప్పించడానికి జీవితమంతా పాటుపడ్డాడు. 1772లో పారిస్ వైద్య విభాగం ఆ మాటను అంగీకరించింది. ఆ వంటకానికి ఆయన పేరు పెట్టుకున్నారు. మన ఊరి విషయానికి వస్తే, కంటోన్మెంటు పరిసరాల్లోని ఆంగ్లో ఇండియన్ ఇళ్లు ఇదే ఖీమాను, ఇదే దుంపను కలిపి పొటాటో చాప్ రూపంలో పెనం మీద కాల్చుకుంటూ వచ్చాయి. కాబట్టి ఈ జోడీ బెంగళూరు నాలుకకు కొత్తది కాదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను. ఈ వంటకం చప్పగా ఉంటుందని మన వారిలో చాలామంది అనుకుంటారు, ఆ చప్పదనాన్ని పోగొట్టడానికి గరం మసాలా, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద గుమ్మరిస్తారు. చప్పదనానికి కారణం మసాలా లేకపోవడం కాదు, నీరు ఎక్కువ కావడం. బంగాళాదుంపలో దాదాపు 80 శాతం నీరే. మాంసంలోనూ ఎక్కువ భాగం నీరే. ఆ నీటిని ప్రతి దశలోనూ మనం అదుపు చేయకపోతే ఖీమా ఉడికిన వాసన కొడుతుంది, దుంప జారిపోతుంది, గిన్నెలో అడుగున పులుసు, పైన గంజి మిగులుతాయి. మాంసం ఇగురు వండడం తెలిసిన చేతికి, ఎప్పుడు మూత తీయాలో, ఎప్పుడు మంట పెంచాలో, నూనె ఎప్పుడు అంచుకు తేలుతుందో తెలిసిన కంటికి, ఈ వంటకం కష్టం కాదు.

మాంసం ఎంపికతో మొదలుపెడదాం. ఆరుగురికి 750 గ్రాముల ఖీమా సరిపోతుంది. బెంగళూరు దుకాణాల్లో మైసూరు జిల్లా బన్నూరు ప్రాంతపు గొర్రె మాంసానికి మంచి పేరుంది. పొట్టి కాళ్లు, నిండైన శరీరం ఉన్న ఆ జాతి మాంసంలో కొవ్వు బాగా కలిసి ఉంటుంది. మన నెల్లూరు గొర్రె పొడవైనది, కొవ్వు కాస్త తక్కువ. ఏ గొర్రె అయినా జబ్బ భాగం అడగండి. తొడ మాంసం ఒక్కటే కొట్టిస్తే ఖీమా ఉడికేసరికి పొడిపొడిగా, రబ్బరులా తయారవుతుంది. జబ్బలో కొవ్వుతో పాటు కండరాలను కలిపే కణజాలం ఎక్కువ, అందులోని కొల్లాజెన్ సన్నని మంట మీద చాలాసేపు ఉడికినప్పుడు జెలటిన్‌గా మారి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. మేక మాంసం కూడా వాడవచ్చు, కాకపోతే మరికొంతసేపు ఉడకాలి.

ఇక్కడ మన ఇళ్ల అలవాటు ఒకటి ప్రస్తావించాలి. మనం మాంసాన్ని నాలుగైదు నీళ్లలో కడిగిగాని పొయ్యి ఎక్కించం. ముక్కల కూరకు అది అంతగా చెరుపు చేయదు. ఖీమాను కడిగితే మాత్రం ప్రతి నలుసూ నీటిని పట్టుకుంటుంది, ఎంత పిండినా పోదు, పైగా మాంసపు రసం ఆ నీటితో పాటు పోతుంది. అందుకని కొట్టించక ముందే ముక్కగా ఉన్నప్పుడు శుభ్రం చేయించి, పొడి గుడ్డతో తుడిపించి, మన కళ్ల ముందే ఒక్కసారి మాత్రమే యంత్రంలో వేయించుకోవాలి. ముందుగానే కొట్టి పెట్టిన ఖీమా కొనవద్దని గట్టిగా చెబుతాను. ముక్క పైభాగాన ఉండే సూక్ష్మజీవులు ఖీమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతాయి, ఆ స్థితిలో గంటల తరబడి బయట ఉన్న మాంసం మంచిది కాదు. ఖీమా ఎప్పుడైనా లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడకాలన్నది అందుకే.

మందమైన ఇనప మూకుడు బాగా కాలనిచ్చి, కొద్దిగా నూనె వేసి, ఖీమాను రెండు మూడు వాయిలుగా వేయించాలి. అంతా ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి మాంసం నీరు వదులుతుంది, ఆ నీరు ఉన్నంతసేపూ వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. మాంసానికి ఎర్రని రంగు, కమ్మని వాసన రావాలంటే దాని ఉపరితలం సుమారు 140 డిగ్రీలకు చేరాలి, అది పొడిగా ఉన్న మాంసానికే సాధ్యం. వేసిన వెంటనే గరిటె పెట్టి కలపకండి. అడుగు ఎర్రబడేవరకు కదపకుండా ఉంచి, ఆ తరువాత తిప్పి విడగొట్టండి. తీసి పక్కన పెట్టి, అదే మూకుడులో రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి తేనె రంగు వచ్చేవరకు సన్నని మంట మీద వేయించాలి. రెండు క్యారెట్లను చిన్న ముక్కలుగా, నాలుగు వెల్లుల్లి రేకులను దంచి వేసి, టమాటా గుజ్జును నూనె తేలేవరకు మగ్గించి, ఒక పెద్ద చెంచా మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా వేయించి, ఖీమాను తిరిగి చేర్చి, 300 మిల్లీలీటర్ల ఎముకల రసం పోయాలి. బిర్యానీ ఆకు ఒకటి, దంచిన మిరియాలు ఒక చెంచా వేసి, మూత సగం తెరిచి, సన్నని మంట మీద ముప్పావు గంట ఉంచాలి. గరిటెతో మూకుడు అడుగున గీత గీస్తే ఆ దారి కొంతసేపు పూడకుండా నిలిచే దాకా ఇగరాలి. పచ్చి బఠాణీలు ఆఖరున వేస్తే చాలు.

సువాసన కోసం ఇంగ్లండులో థైమ్ అనే ఆకు వేస్తారు. అది దొరకని వారు చిటికెడు వాము నలిపి వేసుకోవచ్చు. థైమ్‌కూ వాముకూ ఘాటైన వాసననిచ్చే పదార్థం ఒకటే, దాని పేరు థైమాల్. వాములో అది ఎక్కువగా ఉంటుంది కాబట్టి చెయ్యి అదుపులో ఉండాలి. అలాగే అక్కడివారు వూస్టర్ సాస్ రెండు చెంచాలు పోస్తారు. వూస్టర్ పట్టణంలో లీ అండ్ పెరిన్స్ వారు 1837 నుంచి అమ్ముతున్న ఆ సాస్‌లో వెనిగర్, చెరకు మడ్డి, ఉల్లి, వెల్లుల్లి, ఊరవేసిన నెత్తళ్లతో పాటు మన చింతపండు కూడా ఉంది. ఆ సీసా ఇంట్లో లేకపోతే ఉసిరికాయంత చింతపండు నానబెట్టి తీసిన చిక్కని గుజ్జు, చిన్న బెల్లం ముక్క, అర చెంచా వెనిగర్ కలిపి పోయండి. నెత్తళ్ల లోతు రాదు గానీ పులుపు తీపి సరిగ్గా కుదురుతాయి. కారం తప్పనిసరి అనుకునేవారు ఒక పచ్చిమిరపకాయ చీల్చి వేసి, తరువాత తీసివేయవచ్చు. గరం మసాలా మాత్రం వద్దనే నా సలహా, లవంగాల ఘాటు వెన్న రాసిన దుంప రుచిని పూర్తిగా కప్పేస్తుంది.

ఇప్పుడు బంగాళాదుంప. ఈ వంటకంలో ఎక్కువమందికి చెడేది ఇదే. కర్ణాటకలో హాసన్ జిల్లా ఈ పంటకు పేరు పొందింది, 1968లో విడుదలైన కుఫ్రీ జ్యోతి రకం అక్కడ విస్తారంగా పండుతుంది. వానాకాలపు పంట ఆగస్టు, సెప్టెంబరులో కొత్తగా వచ్చినప్పుడు, గోటితో గీకితే ఊడిపోయే పలుచని తోలుతో ఉన్న దుంపల్లో నీరు ఎక్కువ, పిండి తక్కువ. అవి వేపుడుకు మంచివి, మెదపడానికి కావు. తోలు ముదిరిన పాత దుంపలు ఎంచుకోవాలి. అనుమానం ఉంటే 11 భాగాల నీటిలో 1 భాగం ఉప్పు కరిగించి అందులో వేయండి. మునిగేది పిండి ఎక్కువున్న దుంప, తేలేది నీరు ఎక్కువున్న దుంప. ఆకుపచ్చ మచ్చలున్నవి తీసి పారేయాలి. ఫ్రిజ్‌లో దాచకూడదు, ఆ చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారి తియ్యబడుతుంది.

ఒక కిలో దుంపలను చెక్కు తీసి, సమానమైన పెద్ద ముక్కలు కోసి, ఉప్పు వేసిన చల్లటి నీటిలో వేసి పొయ్యి ఎక్కించాలి. మరిగే నీటిలో వేస్తే లోపల ఉడికే లోపు పైభాగం చిదికి నీరు తాగుతుంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. చెన్నైలోని బంధువులు చెప్పిన సమయానికి మీ దుంప ఉడకకపోతే ఆశ్చర్యపోకండి. బోరు నీరు వాడే ఇళ్లలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు, ఎందుకంటే ఆ నీటిలోని కాల్షియం దుంప కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. కావేరి నీరు పట్టుకుని వండితే మేలు. కుక్కర్ తప్ప మరొకటి వాడని వారు దుంపలను తొక్కతోనే, నీరు తగలని గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించుకోవచ్చు, అది చాలా మంచి పద్ధతి.

ఉడికాక నీరు పూర్తిగా వార్చి, దుంపలను అదే ఖాళీ గిన్నెలో సన్నని మంట మీద రెండు మూడు నిమిషాలు కదుపుతూ ఉంచండి. ఆవిరి తగ్గి, ముక్కల అంచులు తెల్లగా పిండి రాలినట్టు కనిపించాలి. ఈ ఒక్క పని చేసిన వంటకూ, చేయని వంటకూ తేడా మొదటి ముద్దలోనే తెలుస్తుంది. వేడి మీదనే పప్పుగుత్తితో మెదపాలి, లేదా జల్లెడ గుండా అదమాలి. మిక్సీలో వేయడం పూర్తిగా నిషిద్ధం. బ్లేడు తాకిడికి కణాలు తెగి లోపలి పిండిపదార్థం బయటపడి దుంప జిగురుగా సాగుతుంది, ఆ తరువాత దాన్ని బాగుచేసే ఉపాయం లేదు. మెదిపిన దుంపలో ముందు 80 గ్రాముల వెన్న కలిపి, ఆ తరువాతే వేడి పాలు కొద్దికొద్దిగా పోయాలి. పాలు 100 మిల్లీలీటర్లు చాలు. అంగడి వెన్నలో ఉప్పు ఉంటుంది, ఇంట్లో చిలికిన వెన్నలో ఉండదు, దాన్ని బట్టి ఉప్పు సరిచూసుకోండి. విడిగా తినే మెదిపిన దుంప కన్నా ఇది కాస్త గట్టిగా ఉండాలి, ఎందుకంటే కింది ఖీమా ఆవిరి దీన్ని మళ్ళీ మెత్తబరుస్తుంది.

ఖీమాను గిన్నెలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడి పులుసు మీద దుంప వేస్తే మునిగిపోతుంది. చల్లారిన ఖీమా గడ్డకట్టి బరువును మోస్తుంది. దుంపను ముందు అంచుల వెంట పెట్టి, గిన్నె గోడకు అతికించి, తరువాత నడుమకు రావాలి. పైన ఫోర్కుతో గీతలు గీస్తే ఎక్కువ అంచులు ఎర్రబడతాయి. ముందుగా వేడి చేసిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర అరగంట, అంచుల్లో పులుసు బుడబుడలాడే వరకు ఉంచాలి. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ పనికివస్తుంది గానీ ఉత్త మైక్రోవేవ్ పైభాగాన్ని ఎర్రబరచదు. ఓవెన్ లేని ఇంట్లో పూర్వపు ఇంగ్లీషు వంటవారి పద్ధతి ఒకటి అక్కరకు వస్తుంది. వారు ఎర్రగా కాల్చిన పిడి ఉన్న ఇనప రేకును వంటకానికి అంగుళం పైన పట్టుకుని పైపొరను కాల్చేవారు. మందమైన పిడిపెనం బాగా కాల్చి, జాగ్రత్తగా, పిల్లలను దూరంగా ఉంచి అలాగే చేయవచ్చు. గిన్నెలోని ఖీమా మాత్రం అప్పటికే పొయ్యి మీద బాగా వేడెక్కి ఉండాలి.

మాంసం తినని వారు నిరాశపడనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాంసానికి రేషన్ పెట్టినప్పుడు, లండన్‌లోని సవాయ్ హోటల్ ప్రధాన వంటవాడు ఫ్రాన్సిస్ లాట్రీ కూరగాయలతో రూపొందించిన వంటకానికి అప్పటి ఆహార మంత్రి లార్డ్ వూల్టన్ పేరు పెట్టి వూల్టన్ పై అన్నారు. మనకైతే నానబెట్టి ఉడికించిన పొట్టు మసూరు, సన్నగా తరిగి నీరంతా ఇగిరేలా వేయించిన పుట్టగొడుగులు కలిపితే ఖీమాకు దగ్గరి రుచి వస్తుంది.

ఓవెన్ నుంచి తీసిన వెంటనే వడ్డించకుండా పది నిమిషాలు ఆగితే పులుసు కుదురుకుని ముక్క నిలుస్తుంది. పక్కన నిమ్మరసం పిండిన క్యాబేజీ, లేదా నీరుల్లి ముక్కలు చాలు. మిగిలినదాన్ని రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల లోపు తినేయాలి, తినే ముందు నడిభాగం పొగలు కక్కేలా వేడి చేయాలి. అతిథులు వచ్చే రోజుకు ముందు రాత్రే గిన్నెను సిద్ధం చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు, అప్పుడు కాల్చే సమయం ముప్పావు గంటకు పెరుగుతుంది. గాజు గిన్నె అయితే ఫ్రిజ్ చలి విడిచేదాకా బయట ఉంచి, ఆ తరువాతే వేడి ఓవెన్‌లో పెట్టండి. చల్లటి గాజు ఒక్కసారిగా వేడి తగిలితే పగిలిపోతుంది.

ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు.