అమ్ముడుపోని ధరల సంత

అందరికీ నమస్కారం.

వాడిన ఫోనో కెమెరానో కొందామని రీసేల్ యాప్ తెరిచిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అనుకునే మాట ఒకటుంది: "ఈ రేటుకి ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది కదా!" నిజమే, చాలాసార్లు వస్తుంది. మరి ఆ అమ్మే మనిషి ఆ రేటు ఎందుకు పెట్టినట్టు? అత్యాశ అని కొట్టిపారేయడం తేలిక. కానీ అత్యాశ కంటే పెద్ద కారణం మనం చూసే స్క్రీన్‌లోనే ఉందని నా అభిప్రాయం.

ఒకే మోడల్ ఫోన్లు పది అమ్మకానికి వచ్చాయనుకోండి. సరైన రేటు పెట్టిన నాలుగూ ఒకటి రెండు రోజుల్లో పోతాయి. వాటి లిస్టింగ్‌లూ మాయమవుతాయి. మిగతా ఆరూ వారాల తరబడి అక్కడే పడి ఉంటాయి. పదకొండో మనిషి తన ఫోన్ అమ్ముదామని వచ్చి, "రేటు ఎలా నడుస్తుందో చూద్దాం" అని వెతికితే కనిపించేవి ఆ ఆరే. పాపం, అతను బుద్ధిగా మిగతావాళ్ళను చూసే ధర పెట్టాడు. కాకపోతే వాళ్ళంతా అమ్ముకోలేకపోయినవాళ్ళు. అతనిదీ అమ్ముడుపోదు. పన్నెండో మనిషికి ఏడు సాక్ష్యాలు దొరుకుతాయి.

డిస్నీ సినిమాల పాత వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ల విషయంలో జరిగింది ఇదే. 1980లు, 90ల్లో వచ్చిన కొన్ని క్యాసెట్ల పెట్టెల మీద నల్ల డైమండ్ గుర్తు ఉండేది. ఎవరో వాటికి వేల డాలర్లు అడిగారు. అడిగిన ధరలే వార్తలయ్యాయి. అది చూసి అటకల మీది పెట్టెలు దించినవాళ్ళు ఎందరో. ఆ క్యాసెట్లు లక్షల సంఖ్యలో అమ్ముడైనవి, అరుదైన సరుకు కానే కాదు. మామూలు కాపీలు నిజంగా చేతులు మారింది కొద్ది డాలర్లకే.

మనుషులే కాదు, ప్రోగ్రాములు కూడా ఇలా ఒకదాన్ని చూసి ఒకటి పెంచుకుంటూ పోయిన సందర్భం ఉంది. 2011 ఏప్రిల్‌లో అమెజాన్‌లో ఈగల జీవశాస్త్రం మీద ఒక పాత పుస్తకం కొత్త కాపీలు రెండు, ఇద్దరు అమ్మకందారుల దగ్గర ఉన్నట్టు కనిపించాయి. ఒకరి ప్రోగ్రాం ఎదుటివారి ధరను 0.9983తో గుణించి తన ధర పెడుతోంది, అంటే వెంట్రుకవాసి తక్కువకు. రెండోవారిది ఎదుటి ధరను 1.270589తో గుణిస్తోంది. ఈ రెండోవారి దగ్గర అసలు పుస్తకమే లేదని, ఆర్డర్ వస్తే మొదటివారి దగ్గర కొని పంపాలనుకున్నారని దీన్ని గమనించిన జీవశాస్త్రవేత్త ఊహించారు. రెండు సంఖ్యలనూ గుణించి చూడండి, ఒక్కో చుట్టుకు ధర దాదాపు 27 శాతం పెరుగుతుంది. అలా పెరిగి పెరిగి 2,36,98,655 డాలర్ల 93 సెంట్లకు చేరింది. పంపడానికి ఇంకో 3.99 డాలర్లు అదనం! అదే పేజీలో, అదే పుస్తకం వాడిన కాపీలు 35 డాలర్ల చిల్లరకే ఉన్నాయి. చివరికి ఎవరో గమనించినట్టున్నారు, ధర ఒక్కసారిగా 106 డాలర్లకు దిగింది.

రెండు కోట్ల డాలర్లు చూస్తే నవ్వొస్తుంది. ధర మామూలు కంటే ముప్పై నలభై శాతం ఎక్కువైతే మాత్రం నవ్వు రాదు, అదే అసలు రేటేమో అనిపిస్తుంది. అందుకే కొనేవాళ్ళైనా అమ్మేవాళ్ళైనా వెతకాల్సింది అమ్ముడైన ధర కోసం. ఎవరైనా తమ వస్తువులు అమ్ముకునే ఈబే సైట్‌లో అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అలాంటిది లేనిచోట ఒక పని చేయొచ్చు. నచ్చిన వస్తువులను సేవ్ చేసి పెట్టుకుని, వారం తర్వాత ఏవి పోయాయో, ఏవి మిగిలాయో చూడండి. పోయినవన్నీ అమ్ముడైనట్టే అని చెప్పలేం, కొందరు విసుగొచ్చి తీసేస్తారు. అయినా అంచనా బాగానే దొరుకుతుంది.

ఇక అమ్మేవాళ్ళ మనసు సంగతి. కాకి పిల్ల కాకికి ముద్దు అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. దీన్నే కానమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రయోగం చేసి చూపించి 1990లో ప్రచురించారు. విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చారు. అమ్మమంటే వాళ్ళు అడిగిన ధర, కప్పు లేనివాళ్ళు ఇస్తామన్న ధరకు సుమారు రెండింతలు. ఆ కప్పు వాళ్ళ చేతికొచ్చి కాసేపే అయింది! మరి మూడేళ్ళు వాడిన వస్తువు మీద మమకారం ఎంత ఉంటుంది? "చాలా ప్రేమగా చూసుకున్నాను" అని లిస్టింగ్‌లో రాస్తారు. ఆ ప్రేమకు కొనేవాళ్ళు డబ్బు ఇవ్వరు.

వాళ్ళు దేనికి ఇస్తారు? వాడిన ఫోన్ లిస్టింగ్ ఒకటి దగ్గరగా చూద్దాం. "సూపర్ కండిషన్, ఫిక్స్‌డ్ ప్రైస్" అని ఒక లైను. ఫొటోలో స్క్రీన్ ఆపేసి ఉంది, పైన లైటు వెలుగు పడి మెరుస్తోంది. బ్యాటరీ హెల్త్ ఎంతో లేదు. స్క్రీన్ మార్పించారా? బిల్లు ఉందా? పాత అకౌంట్ తీసేశారా? ఏదీ చెప్పలేదు. ఇవన్నీ తెలియనప్పుడు కొనేవాళ్ళు చెడ్డదే ఊహించుకుని బేరం మొదలుపెడతారు. అర్థశాస్త్రవేత్త జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించింది ఇదే: లోపం అమ్మేవాళ్ళకే తెలిసిన చోట కొనేవాళ్ళు అన్నిటికీ తక్కువే ఇస్తామంటారు, దాంతో మంచి కార్లున్నవాళ్ళు అమ్మడం మానుకుంటారు. ఆ పరిశోధనకు 2001లో నోబెల్ వచ్చింది. కాబట్టి మూల మీద గీతను దగ్గరగా ఫొటో తీసి పెడితే ధర పడిపోతుందని భయపడకండి. ఆ గీత కనిపిస్తే కొనేవాళ్ళకు మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

ఇంతవరకు చెప్పింది అమ్ముడుపోని ధరల గురించి. ఎక్కువ ధర పెట్టినా అమ్ముడైపోయే రకం వేరే ఉంది, అసలు కోపం రావాల్సింది అక్కడ. 2020 మార్చిలో శానిటైజర్లు, మాస్కులు పోగేసి అమ్మబోయినవాళ్ళను చూశాం. ఈబే చివరికి వాటి అమ్మకాన్నే ఆపేసింది. అదే ఏడాది నవంబరులో కొత్త గేమ్ కన్సోళ్ళను కొందరు బాట్లతో, అంటే మనిషి బదులు వాటంతట అవే కొనేసే ప్రోగ్రాములతో, క్షణాల్లో ఎగరేసుకుపోయి, కొన్నదానికి ఎంతో ఎక్కువకు అమ్మారు. "డిమాండ్ ఉంది, కొన్నారు, తప్పేముంది?" అంటారు. కానీ ఆ కరువులో కొంత భాగం వాళ్ళు తెచ్చిపెట్టిందే. పాత సామాన్ల కుప్పల్లో వెతికి, తుడిచి, బాగుచేసి, జాగ్రత్తగా ప్యాక్ చేసి పంపే మనిషి లాభం వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, అది కూలి. క్యూలో ముందు దూరి మన వస్తువు మనకే అమ్మడం కూలి కాదు. టికెట్ల విషయంలో ఈ తేడా చట్టాలకు కూడా ఎక్కింది. టికెట్లు దోచే బాట్ల మీద అమెరికా 2016లో చట్టం చేసింది. జపాన్‌లో 2019 నుంచి, ఐర్లండ్‌లో 2021 నుంచి చట్టం వర్తించే కార్యక్రమాల టికెట్లను అసలు ధర కంటే ఎక్కువకు తిరిగి అమ్మకుండా నిషేధం ఉంది.

చివరిగా యాప్‌లు నడిపేవాళ్ళతో ఒక మాట. అమ్మకం మీద కమిషన్ తీసుకునేవాళ్ళకు వస్తువు అమ్ముడైతేనే డబ్బు. లిస్టింగ్‌ను పైకి తేవడానికి డబ్బు తీసుకునేవాళ్ళకు అమ్ముడుపోకపోయినా వస్తుంది. ఎక్కువ ధర పెట్టి, ఎవరూ అడగక, మళ్ళీ మళ్ళీ బూస్ట్ కొనే మనిషి వాళ్ళకు మంచి కస్టమర్. అలాంటి యాప్‌కు ఆ మనిషితో "ఇది ఈ ధరకు పోదండీ" అని చెప్పే తొందర ఎందుకుంటుంది? చివరికి ఎంతకు తెగిందో అమ్మేవాళ్ళనే అడిగి, ఆ ధరను అదే మోడల్ పక్కన చూపించడం కష్టమైన పనేమీ కాదు. ఇకమీద ఏ యాప్ అయినా మిమ్మల్ని అభిప్రాయం అడిగితే, నక్షత్రాలు ఇచ్చే ముందు ఆ ఒక్క ఫీచర్ అడగండి.