మైనస్ 7 స్లీపింగ్ బ్యాగ్‌లో మైనస్ 7 చలికి నిద్ర పడుతుందా? ఎత్తైన ట్రెక్‌కి గేర్ రివ్యూ, ప్లానింగ్

నమస్కారం అండి. టేబుల్ మీద రెండు స్లీపింగ్ బ్యాగులున్నాయి చూడండి. రెండింటి సంచుల మీదా పెద్ద అక్షరాలతో మైనస్ 7 అనే ఉంది. ఒకటి కిలో కూడా లేదు, రెండోది కిలోన్నర. చాలామంది ఇక్కడే తేలికైనది ఎంచుకుంటారు. ఇప్పుడు లోపల కుట్టు దగ్గరున్న చిన్న లేబుల్ తిప్పుదాం. మొదటిదాంట్లో కంఫర్ట్ మైనస్ 1, లిమిట్ మైనస్ 7, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 24. రెండోదాంట్లో కంఫర్టే మైనస్ 7. అంటే ఒకరు లిమిట్ అంకెను సంచి మీద అచ్చేశారు, ఇంకొకరు కంఫర్ట్ అంకెను వేశారు. ఈ తేడా కొట్లో తెలియదు, అర్ధరాత్రి టెంట్‌లో తెలుస్తుంది.

ఈ వీడియోలో చూడబోయేది ఇదే. సామాను మీద ఉండే అంకెలు అసలు దేన్ని కొలిచాయి, 4,000 మీటర్లు దాటి క్యాంపు వేసే ట్రెక్‌కి వాటిని ఎలా వాడుకోవాలి. కానీ బ్యాగ్ కంటే ముందు దారి తేలాలి. ఎక్కడ పడుకుంటారో తెలియకుండా ఎంత వెచ్చటి బ్యాగ్ కావాలో చెప్పలేం.

లెక్క తేలికే. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. మీరు బయల్దేరే ఊరు 2,000 మీటర్ల మీద ఉండి, అక్కడ రాత్రి 12 డిగ్రీలకు పడుతుందనుకోండి. 4,200 మీటర్ల క్యాంపులో అది మైనస్ 2 దగ్గరికి వస్తుంది. దానికి ఇంకో 5 డిగ్రీల చలి కలుపుకోండి. మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా పోతుంది, చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి లోయ అడుగున గిన్నెలా ఉన్న చోటుకి దిగి నిలిచిపోతుంది. క్యాంపు అలాంటి పల్లంలో కాకుండా కాస్త మెరక మీద వేస్తే ఒకటి రెండు డిగ్రీలు కలిసొస్తాయి. మొత్తానికి మన లెక్క మైనస్ 7కి వచ్చింది. మనకు కావాల్సింది కంఫర్ట్ మైనస్ 7 ఉన్న ఆ రెండో బ్యాగ్.

లేబుల్ మీది కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అనే మూడు అంకెలూ ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఇచ్చేవి. లోపల వేడెక్కే ఒక బొమ్మకు పల్చటి బట్టలు తొడిగి, మ్యాట్ మీద బ్యాగ్‌లో పడుకోబెట్టి, చల్లటి గదిలో కొలుస్తారు. కంఫర్ట్ అంటే సగటు మహిళ కాళ్లు చాపుకుని హాయిగా పడుకోగలిగేది. లిమిట్ అంటే సగటు మగవాడు ముడుచుకుని పడుకుంటే వణుకు రాకుండా గట్టెక్కేది. ఎక్స్‌ట్రీమ్ మాత్రం నిద్రకు సంబంధించిన అంకె కాదు, ప్రాణం నిలబడే హద్దు. దాన్ని చూసి దయచేసి ఎవరూ కొనకండి. ఇక మీరు తొందరగా చలి పట్టే మనిషైతే, పొద్దంతా నడిచి అలసిపోయి ఉంటే, సరిగ్గా తినకుండా పడుకుంటే, ఆ బొమ్మకు పుట్టినంత వేడి మీ ఒంట్లో పుట్టదు.

డౌన్ బ్యాగుల మీద, అంటే మెత్తటి పక్షి ఈకలు నింపిన వాటి మీద, ఇంకో అంకె ఉంటుంది, ఫిల్ పవర్. 650, 800, 850 అని. అది వెచ్చదనం కాదు. ఒక ఔన్సు ఈకలు ఎన్ని ఘనపు అంగుళాల చోటుకి పొంగుతాయో చెప్పే అంకె. వెచ్చదనం రావాలంటే అవి ఎన్ని గ్రాములు నింపారో కూడా చూడాలి. 850 ఫిల్ ఈకలు 450 గ్రాములున్న బ్యాగూ, 650 ఫిల్ ఈకలు 600 గ్రాములున్న బ్యాగూ దాదాపు ఒకే ఎత్తున పొంగుతాయి. మొదటిది 150 గ్రాములు తేలిక, అంతే. బరువు మీకు అంత ముఖ్యం కాకపోతే రెండోదే తీసుకోండి, ఆ తేడా డబ్బు మ్యాట్ మీద పెట్టొచ్చు.

మ్యాట్ మీద ఎందుకంటే, మీ ఒంటి కింద నలిగిన ఈకలు దాదాపు పనిచేయవు. కింద నుంచి వచ్చే చలిని ఆపేది మ్యాట్ ఒక్కటే. దాని అంకె ఆర్ వాల్యూ, అది ఎంత ఎక్కువైతే చలిని అంత బాగా ఆపుతుంది. దాన్ని అందరూ ఒకే తీరున కొలవడానికి 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే పరీక్ష వచ్చింది. అంతకు ముందు ఒక్కో కంపెనీ ఒక్కో తీరున కొలిచేది, కాబట్టి పాత మ్యాట్ మీది అంకెను కొత్తదానితో పోల్చకండి. వేసవి అడవికి 2 చాలు. మన మైనస్ 7కి 4 పైన కావాలి, మంచు మీద పడుకుంటే 5 పైన. ఇందులో మంచి సంగతి ఏమిటంటే ఈ అంకెల్ని కూడుకోవచ్చు. ఆర్ 2 ఉన్న మడతపెట్టే ఫోమ్ మ్యాట్ మీద ఆర్ 3.5 ఉన్న గాలి మ్యాట్ వేస్తే 5.5. నా ఓటు ఈ జతకే. ఫోమ్ కింద ఉంటే గాలి మ్యాట్‌కి ముల్లు గుచ్చుకోదు, ఒకవేళ చిల్లు పడినా రాత్రి కటిక నేల మీద గడపాల్సిన పని రాదు.

ఇదిగో, ఈ గాలి మ్యాట్‌ని బొటనవేలితో నొక్కుతున్నాను, గట్టిగా ఉంది. దీన్నే సాయంత్రం ఎండలో ఊది, చీకటి పడ్డాక నొక్కి చూడండి, మెత్తబడి ఉంటుంది. చాలామంది లీక్ అనుకుని ప్యాచ్ వేసే పనిలో పడతారు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయింది, అంతే. పడుకునే ముందు ఇంకో నాలుగు ఊపులు ఊదండి. నోటితో కాదు, దానితో వచ్చే పంపు సంచితో. నోటి తేమ లోపల చేరి రాత్రికి గడ్డకడుతుంది. తెల్లారేసరికి మళ్లీ మెత్తబడితే అప్పుడు లీక్ వెతకండి.

ఇప్పుడు స్టవ్. చిన్న గ్యాస్ డబ్బా మీద బిగించే రకం. మామూలు రోజుల్లో ఇంతకంటే సుఖమైనది లేదు. తంటా అంతా చలిలోనే. డబ్బాలో ఏ గ్యాస్ ఉందో వెనక చదవండి. మామూలు బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా వస్తాయి. ఒట్టి బ్యూటేన్ డబ్బాను ఎత్తైన క్యాంపుకి మోయొద్దు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపినదే తీసుకోండి. అందులోనూ ప్రొపేన్ ముందు ఖర్చయిపోతుంది. అందుకే కొత్త డబ్బా భగ్గున మండి, సగమయ్యాక నీరసపడుతుంది.

దగ్గరగా చూపిస్తాను. 10 నిమిషాలుగా మండుతోంది, డబ్బా పక్కన చూశారా, కింది భాగమంతా తెల్లగా మంచు పట్టింది. లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు డబ్బా వేడినే లాక్కుంటుంది, కాబట్టి బయట చలికంటే డబ్బా ఇంకా చల్లబడుతుంది. ఇప్పుడు లోతు తక్కువ పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి డబ్బాను అందులో పెడుతున్నాను. మంట చూడండి, అర నిమిషంలో లేచింది. గోరువెచ్చన అంటే చెయ్యి హాయిగా పెట్టగలిగినంత, వేడినీళ్లు కాదు. గాలికి అడ్డుగా రేకును డబ్బా చుట్టూ పూర్తిగా చుట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, డబ్బా కాగి పేలుతుంది. టెంట్ లోపల వెలిగించడం కూడా అంతే ప్రమాదం. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

గ్యాస్ ఎంత మోయాలి? గాలి తగలకపోతే ఒక లీటరు నీళ్లు మరగడానికి సుమారు 15 గ్రాములు. ఇద్దరికి రోజుకి 3 లీటర్లనుకుంటే 45 గ్రాములు, కాబట్టి 5 రోజులకు 230 గ్రాముల డబ్బా ఒకటి బొటాబొటీగా సరిపోతుంది. దగ్గర్లో పారే నీళ్లు లేక మంచు కరిగించుకోవాల్సి వస్తే ఈ లెక్క చెదిరిపోతుంది. మంచు కరగడానికే, సున్నా డిగ్రీల నీటిని 80 డిగ్రీలకు తెచ్చేంత వేడి పడుతుంది. గ్యాస్ రెట్టింపు అవుతుంది. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున కొంచెం నీళ్లు ఉంచి దాని మీద మంచు వేయండి, లేకపోతే అడుగు మాడి నీళ్లకు మాడు వాసన వస్తుంది. విమానంలో వెళ్తున్నట్లయితే గ్యాస్ డబ్బాలు ఏ బ్యాగేజీలోనూ ఎక్కనివ్వరు, దిగాక ఎక్కడ దొరుకుతాయో ముందే చూసుకోండి.

నీటి ఫిల్టర్ ఉంటే ఒక్క మాట. సన్నటి గొట్టాలు ఉండే రకం ఒకసారి తడిశాక గడ్డకడితే లోపల చిట్లిపోతుంది. బయటికి ఏమీ తెలియదు, నీళ్లూ మామూలుగానే వస్తాయి, సూక్ష్మజీవులతో సహా. రాత్రిపూట సంచిలో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లోకి తీసుకోండి. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలూ అక్కడే.

బ్యాక్‌ప్యాక్‌కి లీటర్ల కంటే ముందు మీ వెన్ను పొడవు కొలవండి. తల వంచితే మెడ మొదట్లో ఉబ్బుగా తగిలే ఎముక నుంచి, నడుము మీద చేతులు పెట్టుకుంటే బొటనవేళ్లు ఆనే గీత దాకా. మీరెంత పొడుగు అన్నది ముఖ్యం కాదు, ఒకే ఎత్తున్న ఇద్దరికి వేర్వేరు సైజులు పట్టొచ్చు. కొట్లో ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దంలో చూసుకుంటే ఉపయోగం లేదు. 10, 12 కిలోలు వేయించుకుని అరగంట తిరగండి. పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుము బెల్టు తుంటి ఎముక మీద పడేలా బిగించండి, తర్వాత భుజాలు, తర్వాత భుజాల పైనుంచి బ్యాగ్‌కి వెళ్లే చిన్న పట్టీలు, చివర ఛాతీ పట్టీ. బరువంతా దాదాపు నడుముకే దిగాలి. భుజాల పట్టీల కింద వేలు దూరకపోతే బెల్టు జారిందనో, సైజు పొట్టిదనో అర్థం. మొత్తం మోత మీ ఒంటి బరువులో ఐదోవంతు దాటకుండా చూసుకోండి. వానకు పైన వేసే కవర్ కంటే లోపల వేసే మందపాటి ప్లాస్టిక్ సంచి నమ్మకం. వాన వీపు వైపు నుంచి కూడా దిగుతుంది, కవర్‌ను గాలి లాగేస్తుంది.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ట్రెక్‌కి వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడండి. ముందుకు వాలుగా ఉన్న బల్ల మీద నిలబడి ముందుకు తన్నితే బొటనవేలు ముందు భాగానికి తగలకూడదు. తగిలితే దిగే రోజున గోరు నల్లబడుతుంది. అటక మీద ఏళ్లపాటు ఉన్న బూట్లు తీసేవాళ్లకు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జత చూడండి, పైన తోలు కొత్తదానిలా ఉంది. అడుగుకీ తోలుకీ మధ్య ఉన్న ఈ పొరను బొటనవేలి గోటితో నొక్కుతున్నాను, పొడిలా రాలుతోంది. పాలీయురెథేన్ గాల్లో తేమకు నెమ్మదిగా విరిగిపోతుంది, వాడకపోయినా సరే. ఇలాంటి బూటు మొదటి రోజు ఎక్కుడులోనే అడుగు ఊడిపోతుంది. బయల్దేరడానికి నెల ముందే నొక్కి, వంచి చూడండి.

మంచు మీద నడిచే దారైతే బూటుకీ, దాని కింద తగిలించే లోహపు ముళ్ల చట్రం, అంటే క్రాంపాన్‌కీ జత కుదరాలి. అడుగు గట్టితనాన్ని బట్టి బూట్లను బీ1 నుంచి బీ3 దాకా, వాటికి తగ్గట్టు క్రాంపాన్‌లను సీ1 నుంచి సీ3 దాకా విభజిస్తారు. బీ1 బూటుకి పట్టీలతో కట్టే సీ1 క్రాంపాన్ మాత్రమే. బీ2కి సీ1, సీ2 రెండూ పడతాయి. గట్టి అడుగున్న బీ3కి మూడూ పడతాయి. మెత్తటి బూటుకి గట్టి క్రాంపాన్ తగిలిస్తే బూటు వంగినప్పుడల్లా అది వదులై, బాగా ఏటవాలు ఉన్న చోట ఊడుతుంది. బిగించే కొలత సరిచేశాక పట్టీ కట్టకుండానే బూటు పైకెత్తి ఊపండి, క్రాంపాన్ పడిపోకూడదు. కింద మంచు ముద్దకట్టకుండా ప్లాస్టిక్ పలకలు ఉన్నవే తీసుకోండి. హెల్మెట్‌కి పర్వతారోహణ ప్రమాణమైన ఈఎన్ 12492 గుర్తు చూడండి, సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరాదు. రోప్, హార్నెస్ మాత్రం పాతవి కొనకండి. బ్యాటరీ యాసిడ్ తగిలిన నైలాన్ బలం పోయినా పైకి బాగానే కనబడుతుంది.

ఇక రోజుల లెక్క. బరువు తగ్గించడానికి పడే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే చాలా ప్రమాదాలు తప్పుతాయి. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటికంటే ఈరోజు పడుకునే చోటు 500 మీటర్లకు మించి పైకి పోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి ఆగాలి. మనం చూడాల్సింది దాటే కనుమ ఎత్తు కాదు, పడుకునే చోటు ఎత్తు. మన దారికి వేసి చూద్దాం. మొదటి రాత్రి 2,800, రెండు 3,200, మూడు 3,700. నాలుగో రోజు 4,100 దాకా ఎక్కి తిరిగి 3,700కే వచ్చి పడుకోవాలి. ఐదో రాత్రి 4,200, ఆరో రోజు కనుమ దాటి దిగడం. వాతావరణం కోసం ఒక రోజు చేతిలో ఉంచుకుంటే 7 రోజులు. 5 రోజుల్లో అయిపోతుందని చెప్పే ప్లాన్‌లో కోసేసింది ఆ నాలుగో రోజునే.

ఎత్తు ఒంటికి పడక జబ్బు చేస్తే ఎలా తెలుస్తుంది? తలనొప్పితో పాటు వికారం గానీ, అలవికాని అలసట గానీ ఉంటే ఇక పైకి వెళ్లొద్దు. అలాంటి మనిషిని మడమ కొనకు వేలు ఆనేలా సరళరేఖ మీద నడవమనండి. తూలితే మెదడుకు వాపు మొదలైందనే అనుకోవాలి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకూడదు, వెంటనే తోడు ఇచ్చి దించాలి. ఈ ఎత్తు జబ్బు రాకుండా ఇచ్చే ఎసిటజోలమైడ్ లాంటి మందు వాడాలా వద్దా అనేది బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి.

ఒక రోజు నడకకు ఎంతసేపు పడుతుందో 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సూత్రం ఇచ్చాడు. ఇప్పుడు వాడే లెక్కలో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ అదనంగా ఒక గంట. 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే దాదాపు 4 గంటలు. ఇది మంచి దారిలో, ఆగకుండా, దిట్టమైన మనిషికి. 14 కిలోల మోతతో 4,000 మీటర్ల మీద దీన్ని రెట్టింపు చేసుకోండి, 8 గంటలు. మధ్యాహ్నానికి మబ్బులు, పిడుగులు వస్తాయి, మంచు మెత్తబడి కాళ్లు దిగబడతాయి, మంచు కరిగి వాగులు పొంగుతాయి. తెల్లవారుజామున మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి దాటలేకుండా ఉంటుంది. అందుకే కనుమ దాటే రోజు తెల్లవారుజామున 3 గంటలకల్లా నడక మొదలుపెట్టి, 11 కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందు రాత్రే గుంపులో అందరూ ఒప్పుకోండి. పైన కనుమ కనిపిస్తున్నప్పుడు ఈ నిర్ణయం ఎవరికీ తోచదు.

ఇదంతా ఒక కాగితం మీద రాయండి. ఏ రాత్రి ఏ క్యాంపు, గుంపులో ఎంతమంది, ఏ రంగు టెంట్, ఏ రోజు ఎన్ని గంటలకల్లా ఫోన్ రావాలి, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ట్రెక్‌కి రాని ఒక మనిషి చేతికి అది ఇచ్చి వెళ్లండి. దారిలో ప్లాన్ మారితే, ఫోన్ అందిన మొదటి చోటే వాళ్లకు చెప్పండి. దిగాక కూడా మొదటి ఫోన్ వాళ్లకే చేయండి, లేదంటే మీరు భోజనం చేస్తుండగా అక్కడ కొండ మీద మీ కోసం వెతకడం మొదలవుతుంది.